పెట్టెలో వాన

బెనీతా రోజూ లేవగానే మంచం కింది గిన్నె తీసి, అందులోని నీళ్లు మొక్కలకు పోసేది. ఆ గిన్నె పైనే, ఇటుకల మీద ఎత్తి పెట్టిన వాళ్ల ప్రయాణపు పెట్టె ఉండేది. అక్కడ స్పెయిన్‌లో వాళ్ల ఊళ్లో వాన పడితే, ఇక్కడ మెక్సికో నగరంలో పెట్టె కారేది. యుద్ధంలో ఓడి దేశం విడిచి వచ్చిన నాటి నుంచీ అంతే. పక్కింటి చోలే, "మీ ఊళ్లో గట్టిగానే పడుతున్నట్టుంది," అంటూ తుడుపుగుడ్డ ఇచ్చిపోయేది.

పెట్టె విప్పి సామాను సర్దనిచ్చేవాడు కాదు మొగుడు ఎలాడియో. స్పెయిన్ నియంత ఈ ఏడాదే పడిపోతాడని, అందరం తిరిగి వెళ్లిపోతామని కాఫీ హోటల్లో తోటి కాందిశీకుల ముందు బల్ల గుద్ది చెప్పేవాడు. అతని చలికోటు తలుపు మేకుకే వేలాడేది. బెనీతా బట్టలు గోడ మేకుల మీదే పాడైపోయేవి.

"ఒక్క బీరువా కొనవయ్యా."

"కొని? సముద్రం దాటేటప్పుడు నెత్తిన పెట్టుకుంటావా?"

"పోయినేడూ ఇదే అన్నావు."

ఒకనాడు పెట్టె కారడం మాని పొంగడం మొదలుపెట్టింది. గిన్నె నిండింది, చోలే తెచ్చిన గంగాళమూ నిండింది. గదంతా బురద వాసన. నీళ్లతో పాటు ఒక చెక్క చెప్పు తేలుతూ వచ్చింది. బెనీతా దాని మడమ తడిమి చూసింది.

"మా అమ్మది. ఆవిడ పోయాక నేనే ఊళ్లో ఇంటి అటక మీద దాచాను," అంది. "నీళ్లు అటక దాకా వచ్చాయన్నమాట."

ఎలాడియో హోటలుకు పరిగెత్తాడు. స్పెయిన్ నుంచి కొత్తగా వచ్చినవాడొకడు చెప్పాడు: నియంత ఏటికి ఆనకట్ట కట్టించాడు, ఊరూ శ్మశానమూ అన్నీ మునిగాయి. ఆ రోజు ఎలాడియో బల్ల గుద్దలేదు. సాయంత్రానికి బండి మీద బీరువా వేయించుకుని వచ్చాడు.

ఇన్నేళ్లూ పోరిన మనిషే గుమ్మానికి అడ్డం నిలబడింది.

"లోపలికి తేవద్దు. తెస్తే నిజంగానే ఊరు పోయినట్టవుతుంది."

"పోయింది బెనీతా."

ఆమె గోడకు చేరగిలబడి ఏడ్చింది. అతను బీరువా లోపలికి చేర్పించి, మేకు మీది కోటు తీసి బీరువాలో తగిలించి తలుపు మూశాడు. అప్పటికి పెట్టెలో నీళ్లు అంచు దాకా నిండి కదలకుండా నిలిచిపోయాయి. మళ్లీ ఎన్నడూ కారలేదు.

చాలా ఏళ్ల తర్వాత నియంత చచ్చాడని చోలే పరుగున వచ్చి చెప్పింది. ముసలి ఎలాడియో, "అలాగా," అన్నాడు. బీరువా వైపైనా చూడలేదు. బెనీతా కుళాయి నీళ్లు పట్టుకుని మొక్కలకు పోయడానికి వెళ్లింది.