కడియం తోటమాలి

“ఆ గులాబీల మీద కత్తెర పడకూడదు సీతా, గుర్తుంచుకో!” అంటూ వీరరాఘవయ్య కారెక్కాడు. ఫిల్మ్ నగర్‌లో తన సినిమా ఆఫీసుకి బయల్దేరేటప్పుడు భార్యకి ఏదో ఒకటి గుర్తుంచుకోమని చెప్పడం ఆయనకి అలవాటు. నిన్న ఇస్త్రీ బట్టలు, మొన్న ఫైనాన్షియరుగారింటికి పంపాల్సిన గోంగూర పచ్చడి, ఇవాళ గులాబీలు. సీతామహాలక్ష్మి చేతిలో అప్పుడే సానపట్టిన కొమ్మల కత్తెర ఉంది. ఆ మాట వినగానే దాన్ని కొంగు చాటుకు లాక్కుంది. కారు గేటు దాటాక, ఎందుకు దాచానా అని తన మీద తనకే ఒళ్లు మండింది.

మద్రాసు వదిలి వచ్చి జూబ్లీ హిల్స్‌లో ఇల్లు కట్టినప్పుడు ఇంటి ముందున్నదంతా బండే. ఎర్రమట్టి లారీలు తోలించింది ఆయన. ఆ సంగతి ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. ఆ మట్టిలో రాళ్లేరి, పశువుల ఎరువు కలిపి, గొంతుక్కూర్చుని గడ్డి పోచపోచా నాటింది ఎవరో మాత్రం చెప్పడు. ట్యాంకరు రాని ఎండాకాలాల్లో బియ్యం కడిగిన నీళ్లు, స్నానాలగది నీళ్లు బిందెలతో మోసి గులాబీలని బతికించుకుంది సీతామహాలక్ష్మి. “మట్టి పిసుక్కునే రాత ఉంటే మేడలో పెట్టినా మానదు,” అని అత్తగారు వరండాలో కూర్చుని సాగదీసేది. “మా ఆవిడకి పొద్దుపోక మొక్కలంటుందిలెండి,” అని మొగుడుగారు నవ్వేవాడు. పొద్దుపోకట! పొద్దున్నే ఆయన కాఫీతో మొదలై, అత్తగారి మందులు, ఆఫీసుకి వెళ్లే క్యారియర్లు, చెప్పాపెట్టకుండా భోజనానికి దిగే రచయితలు, వీటన్నిటి మధ్య ఆ పొద్దు ఎటు పోతోందో ఒక్కరోజు తన వెంట తిరిగి చూస్తే తెలిసేది.

కిందటి జనవరిలో గులాబీలు విరగబూసి ఉండగా తన సినిమాలో పాట ఈ తోటలోనే తీయించాడాయన. ఇల్లు సొంతం కాబట్టి అద్దె కలిసొస్తుందనుకున్నాడు. భార్యని ఒక మాట అడగాలని తోచనే లేదు. పొద్దున లేచి తలుపు తీసేసరికి గడ్డి మీద కెమెరా ట్రాలీ పట్టాలు పరిచి ఉన్నాయి. యూనిట్టు మొత్తానికీ కాఫీలు మాత్రం ఇంట్లోంచే. హీరోయిన్ వాళ్లమ్మ కప్పు అందుకుంటూ, “ఎంత బావుందండీ తోట! మాలి ఎవరు?” అని అడిగింది. సీతామహాలక్ష్మి నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. “ఉన్నాడండీ ఒకడు. కడియం నర్సరీల నుంచి ప్రత్యేకంగా పిలిపించాను.” అత్తగారు అవునవునని తలాడించింది. ట్రే పట్టుకుని పక్కనే నిలబడ్డ మనిషి గోళ్లలో ఇంకా మట్టి ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కాబోలు. ఆయనేమో కనీసం తన పేరు కూడా పెట్టుకోలేదు, లేని మనిషిని పుట్టించి వాడికి కట్టబెట్టాడు. అయినా ఆమె ఖాళీ కప్పులు ఏరుకుని లోపలికెళ్లింది.

పాట సగంలో ఉండగా హీరోగారు వేరే సినిమాకి వెళ్లిపోయారు. అప్పట్నుంచి ఆయన డేట్లు వచ్చే నెల, వచ్చే నెల అంటూ దసరా దాటింది. మిగతా సగం తీసేటప్పుడు తోట అచ్చంగా మొదటి సగంలోలాగే ఉండాలట. దాన్ని కంటిన్యూటీ అంటారట. అందుకని ప్రొడక్షన్ మేనేజరు బసవపున్నయ్య అప్పటి ఫోటోలు పట్టుకుని నెలకోసారి వచ్చి చూసుకునేవాడు.

“అమ్మగారూ, ఈ కొమ్మ ఫోటోలో కిటికీ కిందే ఉందండి. ఇప్పుడు దాటేసింది.”

“అది జనవరి కొమ్మ బసవపున్నయ్యగారూ. మొక్కన్నాక పెరుగుతుంది.”

“అదేనండీ మా ఇబ్బంది,” అన్నాడతను నిజంగానే బాధపడుతూ.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మొగుడికీ చెప్పి చూసింది. వానలు వెనకబట్టాయి, ఇప్పుడు కత్తిరిస్తేనే కొత్త చిగుళ్లొచ్చి జనవరికి ఆ పూలు పూస్తాయి. వదిలేస్తే పూలుండవు సరికదా, అంటు కట్టిన చోటు కింద నుంచి లేచిన అడివి కొమ్మలు అసలు మొక్కనే చంపేస్తాయి అంది.

“సినిమా సంగతి నీకేం తెలుసు?” అన్నాడాయన చారు పోసుకుంటూ.

“నేను చెప్పేది గులాబీ సంగతండీ.”

“రెండూ నాకొదిలెయ్.”

ఇవాళ కారు వెళ్లాక వంగి చూస్తే, ఆమె మొదట నాటిన ముద్దగులాబీ సగం ఎండిపోయి ఉంది. కిందనుంచి అడివి కొమ్మలు తన ఎత్తున లేచాయి. అన్నేళ్లు బిందెలు మోసింది ఇందుకా అనుకుంది.

అంట్లు తోమే నీలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “గట్ల సూస్తవేందమ్మా? కోసెయ్యరాదూ!”

“కోస్తే సారు ఇల్లెగిరిపోయేలా అరుస్తారే.”

“కొయ్యకుంటే అరుస్తలేడా?”

సీతామహాలక్ష్మికి నవ్వొచ్చింది. నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. నిజమే కదా, ఏం చేసినా పడే అరుపులకి భయపడి ఏమీ చెయ్యకుండా ఇన్నేళ్లు గడిపేసింది. ఆ రోజు ట్రే పట్టుకుని ఊరుకున్నది తనే. ఆయన అబద్ధమాడాడు సరే, దాన్ని తన మౌనంతో నిజం చేసింది ఎవరు? కొంగు బిగించి కత్తెర తీసింది. అడివి కొమ్మల్ని మొదలంటా నరికింది, మంచివాటిని మోకాలెత్తున ఉంచింది. నీలమ్మ పేడ తెస్తే కోసిన కొసలు ఎండిపోకుండా అన్నిటికీ అద్దింది. వరండాలోంచి అత్తగారు, “వాడొచ్చాక నీ పని చెబుతాడు!” అని కేకేసింది. “చెప్పనివ్వండి అత్తయ్యా,” అంది, తలెత్తకుండానే.

సాయంత్రం ఆయన డైరెక్టరుగారిని వెంటబెట్టుకుని హుషారుగా దిగాడు. హీరోగారి డేట్లు దొరికాయట, వచ్చేవారమే షూటింగట. గేటు దగ్గరే ఇద్దరి కాళ్లూ ఆగిపోయాయి. తోటంతా మోళ్లు.

“అయ్యో, కంటిన్యూటీ!” అని డైరెక్టరుగారు నెత్తి పట్టుకున్నాడు.

“ఎవడు కోశాడిది?” వీరరాఘవయ్య అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది.

సీతామహాలక్ష్మి మెట్లు దిగి వచ్చింది. ఈసారి కాఫీ తేలేదు. చేతులకి పేడ, మట్టి అలాగే ఉన్నాయి.

“మీరు కడియం నుంచి పిలిపించిన తోటమాలండీ,” అంది. “జనవరికి విరగబూస్తాయి. అప్పుడైనా ఈ తోటలో షూటింగు పెట్టాలంటే ముందు తోటమాలిని అడగాలి.”

వీరరాఘవయ్య మొహం నల్లబడింది. సంగతి తెలియని డైరెక్టరుగారు చిరాగ్గా చుట్టూ చూశాడు. “ఎక్కడున్నాడండీ ఆ మహానుభావుడు? పిలవండి.”

“పిలవక్కర్లేదండీ. మీ ఎదురుగానే ఉన్నాను. అడగండి.”