చెల్లెలి చేనులో కడీలు

రైతు సాయం పడిందని చెల్లెలు ఉజ్వల ఫోన్ చేసినప్పుడల్లా పద్మ కడుపు భగ్గుమనేది. పైకి మాత్రం "మంచిదే కదనే" అనేది.

తండ్రి పసుపు కుంకుమల కింద కూతుళ్ళిద్దరికీ పరిగి దగ్గర పక్కపక్కనే భూమి రాసిచ్చాడు. భర్త అబిడ్స్‌లో గడియారాల దుకాణం పెడతానంటే పద్మ తన వాటా అమ్మేసింది. ఆ మరుసటి ఏడే సర్కారు పట్టాదారుల ఖాతాల్లో పెట్టుబడి డబ్బు వేయడం మొదలుపెట్టింది. ఇక చూడండి ఆమె అవస్థ! దుకాణం బాగానే నడుస్తోంది, ఇంట్లో దేనికీ లోటు లేదు. ఆ డబ్బు తనకు రాకపోతే పోయె, చెల్లెలికి రావడమే ఆమె ఓర్చుకోలేకపోయింది. పైగా విత్తనాలూ ఎరువులూ కొన్నాక మిగిలిన దాంతో ఉజ్వల అబిడ్స్‌కొచ్చి చీర కొనేది. రంగు ఎంచిపెట్టడానికి అక్కే కావాలి.

ఈ వానాకాలం ముందు ఉజ్వల వాట్సాప్‌లో ఫోటో పంపింది. చేను చుట్టూ తెల్లగా రాతి కడీలు, కంచె స్తంభాలు. "నిరుడు అడవిపందులు కంకులన్నీ నాశనం జేసినయక్కా, అందుకే కడీలు పాతి తీగె కట్టిస్తున్న" అని వాయిస్ మెసేజ్. పద్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. వెంచర్లలో పాతే రాళ్ళూ అచ్చం ఇలాగే ఉంటాయి. ప్లాట్లు చేసిన భూమికి సాయం రాదని పేపర్లో చదివింది కూడా.

బుద్ధి అక్కడ ఆగి ఉంటే బాగుండేది. చుట్టాల్లో ఎవరికి నాంపల్లి ఆఫీసుల్లో పనిపడ్డా పద్మే వెంటబెట్టుకుని తిప్పుతుంది. ఎవరితో ఎలా మాట్లాడాలో ఆమెకు కొట్టిన పిండి. ఆ ధీమాతోనే నేరుగా అక్కడి రైతు సాయం ఆఫీసుకు వెళ్ళి, తన పేరు చెప్పకుండా, గుమాస్తాకు చెల్లెలి పట్టా నంబరు ఇచ్చి ఫోటో చూపించి, "పంట లేదు గింట లేదు సార్, ప్లాట్లు చేస్తున్నరు, గీ రాళ్లు చూడుండ్రి" అని చెప్పి వచ్చింది. ఇంటికొచ్చి హాయిగా చాయ్ తాగింది, పాపిష్టిది.

ఆ సీజనులో ఉజ్వలకు డబ్బు పడలేదు. విచారణ అయ్యేదాకా ఆపారట. ఒకరోజు పొద్దున్నే చేతిలో సంచితో అక్క ఇంట్లో దిగింది.

"ఎవరో కంప్లైంట్ ఇచ్చిన్రట అక్కా. ఎరువులకు చేతిల పైస లేదు. నాంపల్లి పని నువ్వే చూస్తవు కదా, జర నాతోని రా."

పద్మ తలనొప్పి అంది, దుకాణం అంది. చెల్లెలు వింటేగా! అక్క లేకుండా ఆమె ఏనాడూ ఆఫీసు గడప తొక్కలేదు.

నాంపల్లి ఆఫీసులో ఉజ్వల చెప్పిందంతా గుమాస్తా విన్నాడు. తర్వాత పక్కనున్న పద్మను చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఏందమ్మా, మొన్న అవి ప్లాటు రాళ్లని ఫోటో చూపెట్టింది మీరే కదా?"

పద్మ బల్ల మీది కాగితాల వైపు తల తిప్పుకుంది. ఉజ్వల అక్క ముఖంలోకి చూసింది. ఆ ఫోటోను ఆమె అక్కకు తప్ప ఎవరికీ పంపలేదు.

"మా అక్కనే సార్" అంది మెల్లగా. "పట్నంల ఉంటది. పందుల కోసం పాతే కడీలు ఆమెకు ఎర్కలేదు. తెల్వక చెప్పింది."

మనిషిని పంపి చేను చూపిస్తామన్నాడు గుమాస్తా. బయటికొచ్చాక పద్మ "ఉజ్జీ..." అంటూ చెయ్యి పట్టుకోబోయింది. ఉజ్వల ఆ చేతిలో సంచి పెట్టింది.

"కందులు. నీకనే తెచ్చిన. పురుగు పట్టకముందే వాడుకో."

ఎప్పుడూ అబిడ్స్ మీదుగా పోదామనే చెల్లెలు, పద్మను అక్కడే వదిలి, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయింది.