గీతలు కలవని చోటు

“ఒసేయ్ హిల్లె, ఆ చెక్కముక్కలు తర్వాత గోక్కుందువు గాని, ముందు చేపలు కడుగు,” అంది మా అత్త. కడిగాను. చేతుల ఉప్పు వదలకముందే మళ్లీ కత్తి పట్టాను. లైడెన్‌లో మా ఆయన యోరిస్ అచ్చు వేసే పుస్తకాల్లో బొమ్మలన్నీ నేను చెక్కినవే. అచ్చులో తిరగబడతాయి కాబట్టి ప్రతి త్రిభుజాన్నీ అద్దంలో చూసినట్టు చెక్కాలి. పదకొండేళ్లుగా చేస్తున్నా దాన్ని పని అని ఎవరూ అనలేదు, నేను కూడా.

ఈసారిది ప్రొఫెసర్ హాలింగ పుస్తకం. ఏ త్రిభుజంలోనైనా ఆయన చెప్పిన మూడు గీతలూ ఒకే చోట కలవాలి. కలవడం లేదు. మూడు చెక్కలు పాడయ్యాయి.

“చెయ్యి వణికుంటుందిలే, ఎలాగోలా కలిపెయ్,” అన్నాడు యోరిస్.

మధ్యాహ్నం వచ్చిన ప్రొఫెసర్ నవ్వాడు. “కళ్లూ చేతులూ మోసం చేస్తాయమ్మాయ్. బుద్ధినే నమ్మాలి.”

సరే, బుద్ధినే నమ్ముదామనుకున్నాను. వాళ్లిద్దరూ బీరు తాగుతుండగా రాతప్రతి తీసి రుజువంతా చదివాను. లాటిన్ మా నాన్న నేర్పాడు. ఐదో వాక్యం దగ్గర ఆగిపోయాను. మూడు గీతలూ కలిసే బిందువుని ‘డి’ అనుకుందాం అని రాసేశాడు. కలుస్తాయని ఇంకా తేలనే లేదు! బిడ్డ పుట్టకుండానే పేరు పెట్టేసినట్టుంది.

“అయ్యా, కలుస్తాయని రుజువు కాకముందే ఆ చోటికి పేరెలా పెట్టారు?” అన్నాను.

ఆయన కాగితం లాక్కున్నాడు. చదువుతుంటే మొహం పాలిపోయింది. లేచి, నన్ను దాటుకుని వెళ్లి, మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“యోరిస్, ఎంత సూక్ష్మంగా పట్టావయ్యా! ముందుమాటలో నీ పేరు రాస్తాను.”

నేనక్కడే ఉన్నాను. మాట్లాడింది నేను. యోరిస్ కాదంటాడని చూశాను. తప్పెక్కడుందో కూడా తెలియని ఆ మనిషి తల వంచి, “అంతా మీ దయ,” అన్నాడు. ఈ ఇంట్లో మాటలు పడ్డాను, నవ్వులపాలయ్యాను. నిలబడి ఉండగానే లేకుండా పోవడం మాత్రం ఇదే మొదలు.

“మరి దీన్ని సరిచేసేదెలా? ఎల్లుండే అచ్చుకెక్కాలి,” అన్నాడు ప్రొఫెసర్.

యోరిస్ నా వైపు చూశాడు. త్రిభుజంలో రెండు భుజాలు సమానమన్న ఒక్క షరతు చేరిస్తే చాలు, రుజువు నిలబడుతుంది. నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది.

కత్తి తుడిచి సొరుగులో పెట్టాను.

“మా ఆయన్నే చెప్పనివ్వండి,” అన్నాను. “తప్పు పట్టింది ఆయనే కదా.”