చిల్లా తీరని ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొని చూడు అని మాత్రం అనలేదు. అందుకే కాబోలు, మర్గిలాన్ అనే ఊళ్ళో రొట్టెలు కాల్చుకుని బతికే హుస్నిద్దీన్ ఆ రుచి తానే చూడవలసి వచ్చింది. ఆకులు రాలే కాలం. అతని భార్య మవ్జుదా సొంత ఇంటి ముందు, నడివీధిలో, బొంతల మూట మీద కూర్చుని ఉంది. ఇంటి తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది. గుమ్మానికి అడ్డంగా ఓయ్‌నిసా అనే ముసలావిడ రెండు చేతులూ చాచి నిలబడింది.

"అడుగు లోపల పెట్టొద్దు తల్లీ! మా కోడలు పచ్చి బాలింత. చిల్లా ఇంకా తీరలేదు."

"ఇది మా ఇల్లు పెద్దమ్మా! కొనుక్కున్నాం!"

"మేం కాపురం ఉంటుండగా కొనుక్కోవడమేమిటి? వసంతంలో వచ్చే నవ్రూజ్ పండగ దాకా ఉండండని ఇంటాయన సోబిత్‌ఖాన్ మాటిచ్చాడు. బిడ్డ మీద ఒట్టేసి మరీ ఇచ్చాడు."

మవ్జుదా మొగుడి వైపు తిరిగింది. అతను టోపీ తీసి తల గోక్కుంటున్నాడు.

చదివే అయ్యలారా, అమ్మలారా, ఈ పీటముడి ఎలా పడిందో వినండి. బిడ్డ పుట్టిన నలభై రోజులూ ఆ ఊళ్ళో పరాయివాళ్ళెవరూ ఆ ఇంట్లో కాలు పెట్టరు. తల్లీబిడ్డలను కదిలించరు. దానినే చిల్లా అంటారు. మంచి ఆచారమే, బాలింతకు నడుం వాల్చే తీరిక దొరుకుతుంది. సోబిత్‌ఖాన్ ఇల్లు చూపించిన రోజున హుస్నిద్దీన్ ద్రాక్ష పందిరి చూశాడు, కుళాయి తిప్పి చూశాడు. పెరట్లోని తందూరు పొయ్యిలో భుజాల దాకా దూరి, గోడలు కొట్టి చూసి, మట్టి వాసన కూడా చూశాడు. గదుల వైపు తిరగ్గానే సోబిత్‌ఖాన్ గుండె మీద చెయ్యి వేసుకుని గొంతు తగ్గించాడు.

"లోపల బాలింత ఉంది తమ్ముడూ. చిల్లా."

అంతే. హుస్నిద్దీన్ గబుక్కున ముఖం తిప్పుకున్నాడు. బిడ్డకు నూరేళ్ళ ఆయుష్షు కోరాడు. అమ్మేవాడి కోడలే ప్రసవించి ఉంటుందనీ, చిల్లా తీరగానే అందరూ వెళ్ళిపోతారనీ తనకు తానే అనుకున్నాడు. చెయ్యి పెట్టి చూడందే పిండి బస్తా కొనని మనిషి, గదులు చూడకుండా ఇల్లు కొనేశాడు. చిల్లా తీరిందని సోబిత్‌ఖాన్ కబురు పంపితే నమ్మి సామాను బండికెత్తాడు. అద్దెకున్నవాళ్ళను పొగబెట్టడానికి కొత్తవాళ్ళను మీదికి తోలడమే సోబిత్‌ఖాన్ ఎత్తు అని అతనికి తట్టలేదు.

తాము అమ్ముకున్న పాత ఇంట్లో దాన్ని కొన్నవాళ్ళు అప్పుడే చేరిపోయారు. ఆకాశం మబ్బు పట్టింది. ఆ రాత్రి తల దాచుకోవడానికి మవ్జుదాకు చోటు లేదు. నిలదీసి లోపలికి పోదామంటే నెలైనా నిండని పసిగుడ్డు.

ఇంతలో ఓయ్‌నిసా లోపలికి వెళ్ళి టీ కెటిలూ రొట్టే తెచ్చి గడప మీద పరిచింది. గుమ్మంలోకి వచ్చినవాళ్ళను వట్టి నోటితో పంపడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చెయ్యలేదు.

"ఏవయ్యా, ఆ రొట్టె ముట్టుకున్నావో, చూడు మరి!" అంది మవ్జుదా పళ్ళ బిగువున.

ఆలస్యమైపోయింది. హుస్నిద్దీన్ అప్పటికే ముక్క విరిచాడు. విరిచి, వేళ్ళతో నొక్కి చూసి, "బాగా పొంగింది పెద్దమ్మా" అన్నాడు.

మవ్జుదాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంకేం! తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదట. ఈ వాసాలకు సొమ్ము పోసింది మనమేనని నీకు గుర్తుందా? మన గడప మీద మనమే చుట్టాలం! నీ మర్యాద తగలెయ్య!"

"మరి పెట్టిన రొట్టె కాదంటామా?"

"నాతో మాట్లాడకు."

లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. సన్నటి, కొత్త ఏడుపు. ముసలావిడ కెటిల్ కింద పెట్టింది. "మమ్మల్ని పొమ్మంటే ఈ బిడ్డతో ఎక్కడికి పోతాం తల్లీ?" అంది. మవ్జుదాకు కోపం తగ్గలేదు గాని, ఆ కోపాన్ని ఈ ముసలావిడ మీద చూపడానికి మనసొప్పలేదు. విసురుగా లేచి పేటపెద్ద తుర్దితాత ఇంటికి నడిచింది.

తాత ఆ ఇంటి ముందుకే వచ్చి కబురు పెడితే సోబిత్‌ఖాన్ రాకతప్పలేదు. వస్తూనే అరచేతులు పైకెత్తాడు.

"నేనేం అబద్ధమాడాను తాతా? బాలింత ఉందన్నాను, ఉంది. ఎవరి బాలింత అని ఆయన అడగలేదు."

"అడగడని తెలిసే చెప్పావు. మన ఆచారాన్ని గోడలా అడ్డం పెట్టుకుని, దాని చాటున ఒక కుటుంబాన్ని దాచావు" అన్నాడు తాత. "నవ్రూజ్ దాకా ఉండమని వీళ్ళకు మాట. వచ్చి కాపురం పెట్టమని వాళ్ళకు తాళంచెవి. నీకు నోరు ఒకటేనా, రెండా?"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. తాత నవ్వలేదు. హుస్నిద్దీన్ వైపు తిరిగాడు.

"నువ్వేం తక్కువ తిన్నావు నాయనా? పొయ్యిలో తల పెట్టావు, మనుషుల సంగతి మాత్రం అడగలేదు. నీ పెళ్ళాం అయినా అడిగిందా?"

మవ్జుదాకు ఇల్లు చూసొచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు మొగుడు ఇంటికి రాగానే తానేం అడిగింది? పొయ్యి ఎంత లోతు, పందిరికి ఎండ తగులుతుందా, పొరుగువాళ్ళు ఎలాంటివాళ్ళు? లోపలి బాలింత ఎవరని ఒక్క మాట అడగలేదు. పొద్దుటి నుంచి మొగుణ్ణి తిట్టిన తిట్లలో సగం తనకూ చెందుతాయని ఆమెకు తోచింది. తిలాపాపం తలా పిడికెడు.

తాత కర్ర నేలకు ఆనించాడు. "పసిగుడ్డును కదపడానికి వీల్లేదు. ఇచ్చిన మాట ప్రకారం వీళ్ళు నవ్రూజ్ దాకా ఇక్కడే ఉంటారు. సోబిత్‌ఖాన్, నీ కొత్తింట్లో చుట్టాల గది ఉంది కదా, తివాచీలూ పింగాణీ గిన్నెలూ పెట్టి తాళం వేసుకున్నావు. అది తెరువు. హుస్నిద్దీన్ కుటుంబం అందాకా నీ చుట్టాలు. తిండి కూడా నీదే."

"తాతా, ఆ గదిలో మేమే కూర్చోం!"

"అందుకే ఖాళీగా ఉంది."

పేట పేటంతా వింటుండగా కాదనే ధైర్యం సోబిత్‌ఖాన్‌కు లేకపోయింది. మూటలు మళ్ళీ బండికెక్కాయి. మవ్జుదాకు సంతోషమేమీ లేదు. సొంతిల్లు ఉండి చలికాలమంతా ఆ మనిషి ముఖం చూస్తూ గడపాలంటే ఎవరికి సంతోషం? పోతూ పోతూ తాళంచెవిని ఓయ్‌నిసా చేతిలో పెట్టింది. "చిల్లా తీరాక పిలువు పెద్దమ్మా, బిడ్డను చూసిపోతాను" అంది, ఇంకా ముఖం ముడుచుకునే.

సోబిత్‌ఖాన్ కొత్తింటి ముందు బండి ఆగింది. అతను తలుపు తీసి, లేని నవ్వు తెచ్చుకుని, "దయచెయ్యి చెల్లెమ్మా" అన్నాడు. మవ్జుదా కదల్లేదు. బొంతల మూట చంకన పెట్టుకుని గడప ఇవతలే నిలబడి, వీధి వీధంతా వినేటట్టు అడిగింది.

"ముందు చెప్పు అన్నా, లోపల ఎవరెవరున్నారు?"

ఈ మాట ఆమె ఆలస్యంగా నేర్చుకుంది. మీరు ముందే నేర్చుకోండి: ఇల్లు కొనబోయేవారు గోడలు కొట్టి చూసే ముందు తలుపు కొట్టి, లోపల బతుకుతున్నవారిని పలకరించాలి.