గేటు బయట మోగని గంట

పరీక్షకు ముందురోజు పెయింటరు వచ్చి గేటు లోపలి టెస్టు బాట మీద తెల్లగీతలు కొత్తగా దిద్దిపోతాడు. తెల్లారి నీళ్ళ ట్యాంకరు దుమ్ము కడుగుతుంది. రోడ్డుకి ముస్తాబంతా అయ్యాకే టెస్టు డ్రైవరు బస్సెక్కాలి. చక్రం గీత దాటగానే అద్దం వెనకున్న కెమెరా పసిగట్టి గంట మోగించాలి. అదీ పరీక్ష.

ఆ పొద్దున పదిసార్లు దాటించాడు. పదిసార్లూ మోగింది. వెనక కూర్చున్న పెద్దసారు బిస్కెట్టు నములుతూ ఫారంలో పది గడులూ టిక్కులు కొట్టేశాడు. పొడి ఒళ్ళో రాలుతున్నా దులుపుకోలేదు.

డ్రైవరు అక్క మొగుడు నడిపే బస్సుకి వచ్చేవారం ఈ గంటే బిగిస్తారు, ఈ ఫారం మీద సంతకం పడితే. నిన్న అన్నం దగ్గర ఆయనది ఒకటే సంబరం. "ఇక కన్ను మూతపడ్డా బెంగలేదురా బామ్మర్దీ, గంట లేపుతుంది," అన్నాడు.

సారు సంతకానికి పెన్ను చాపాడు. డ్రైవరు అందుకోకుండా బస్సుని తిన్నగా గేటు బయటికి పోనిచ్చాడు. అక్కడి గీతలు సగం చెరిగి, సగం మట్టి కొట్టుకుని ఉన్నాయి. ముందూ వెనకా బండ్లు లేవని చూసుకుని మెల్లగా పక్కకి వదిలాడు. చక్రం గీత దాటింది. గంట ఉలకలేదు. చక్రం కంకరలో దిగి బస్సు ఒరిగింది, బిస్కెట్ల పొట్లం ఎగిరిపడింది.

బస్సు మళ్ళీ రోడ్డెక్కాక సారు ముందు తిట్టాడు. తేరుకుని, తప్పు గంటది కాదన్నాడు. రోడ్డువాళ్ళు గీతలిట్లా వదిలేస్తే పాపం కెమెరా మాత్రం ఏం చేస్తుందన్నాడు. ఆ వెంటనే పెయింటరుకి ఫోను: రేపు పైవాళ్ళు వస్తున్నారు, గేటు బయట కూడా కాస్త దూరం గీసెయ్యమని.

డ్రైవరు కిటికీలోంచి తుపుక్కున ఉమ్మేశాడు. బస్సు ఆపి, ఫారం లాక్కుని, పదో గడి కింద ఇంకో గడి గీశాడు. 'గేటు బయట, చెరిగిన గీత. మోగలేదు' అని రాసి సంతకం పెట్టాడు.

"ఫారంలో పదకొండో గడి లేదయ్యా," అన్నాడు సారు.

"గీశాను సార్. ముందు గీసుకుని తర్వాత పరీక్ష పెట్టుకోవడం మీ దగ్గరే నేర్చుకున్నా."

దిగి అక్కకి ఫోను చేశాడు. బావ డ్యూటీ దిగొచ్చి పడుకున్నాడంది, లేపనా అంది.

"వద్దక్కా. కంటినిండా పడుకోనియ్యి. లేచాక చెప్పు, గంట లేపదని."