పెద్దల పీట మీది లింగ్‌జీ

మందుకు వాడే లింగ్‌జీ పుట్టగొడుగు పొడి రాల్చే కాలంలో మా కొండల్లోని ఆడవాళ్ళు పందిరి కింద గట్టిగా తుమ్మను కూడా తుమ్మరు. మట్టిలో సగం పాతిన మొద్దుల మీద, లక్క పూసినట్టు ఎర్రగా మెరిసే గొడుగులు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కదానికీ కాగితపు గొట్టం తొడగాలి. రాలే గోధుమరంగు పొడి గాలిపాలు కాకుండా ఆ గొట్టంలోనే నిలవాలి. ఈ పనిలో షుయ్‌లాన్‌ను మించిన చెయ్యి ఊళ్ళో లేదు. కూతురు మింగ్‌యా ఎప్పుడో బడిలో రాసిన కాగితాలన్నీ దాచిపెట్టి, ఏటా వాటితోనే గొట్టాలు చుట్టేది.

ఆ మధ్యాహ్నం కూడా ఆమె ఆ పనిలోనే ఉంది. భర్త దెహై, పట్నంలో కుట్టుపని చేస్తూ సాయానికి ఇంటికొచ్చిన మింగ్‌యా ఇద్దరూ పట్నం ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చారు. కొంతకాలంగా షుయ్‌లాన్‌కు కడుపులో మంట. అంతకుముందు వారం ఆసుపత్రిలో గొంతులోంచి గొట్టం వేసి చూశారు. ఫలితం చెప్పేటప్పుడు రోగిని బయట కూర్చోబెట్టి ఇంటివాళ్ళను లోపలికి పిలవడం మా దగ్గర రివాజు. ఈసారి రోగి అసలు వెళ్ళనే లేదు. పందిట్లో పని ఉంది కదా.

"ఏమన్నాడు డాక్టరు?" అంది షుయ్‌లాన్ తలెత్తకుండానే.

"పుండట. కడుపులో పుండు" అన్నాడు దెహై.

"దీనికేనా తండ్రీకూతుళ్ళిద్దరూ అలాంటి మొహాలు వేసుకొచ్చారు? ఏ కొంప మునిగిందో అనుకున్నా. అన్నం కుండలో వేడిగా ఉంది, తినండి."

డాక్టరు చెప్పింది పుండు కాదు, క్యాన్సర్. గడ్డ ఇంకా కడుపు గోడ దాటలేదని, వెంటనే కోసి తీసేస్తే మనిషి దక్కే అవకాశం బాగా ఉందని, ఆలస్యం మాత్రం చేయవద్దని చెప్పాడు. బస్సులో వస్తూ దెహై కూతురితో అన్నది ఒక్కటే మాట. "మీ అమ్మకి చెప్పకు."

దెహైని చెడ్డవాడనుకోవద్దు. అతని అన్నకు ఇదే జబ్బు వచ్చినప్పుడు ఎవరో పేరు చెప్పేశారు. అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు. గోధుమ పండకముందే పోయాడు. "వాణ్ణి రోగం చంపలేదు, పేరు చంపింది" అని ఊరంతా అనుకుంది, ఇప్పటికీ అనుకుంటోంది. అందుకే మా దగ్గర ఇలాంటి కబురు ఇల్లంతటికీ తెలుస్తుంది, చుట్టాలకూ తెలుస్తుంది, ఆ జబ్బు మోస్తున్న మనిషికి తప్ప.

మర్నాడు దెహై మెల్లగా కదిపాడు. "ఆ పుండు కోసేయించుకుంటే పీడా పోతుంది. వెళ్దామా?"

"పుండుకి కోతేంటయ్యా? వేలికి ముల్లు గుచ్చుకుంటే చెయ్యి నరుక్కుంటామా? పొడి రాలే రోజులివి. నేను వెళ్ళి మంచమెక్కితే ఈ గొట్టాలెవరు విప్పుతారు, నువ్వా? నీ చేత్తో విప్పితే సగం పొడి నీ మీసాలకే అంటుకుంటుంది."

మింగ్‌యా నోరు తెరిచింది. "అమ్మా, అది..."

దెహై జల్లెడ పక్కన పెట్టి కూతురి వైపు చూశాడు.

"అది పెద్ద పుండటమ్మా" అంది మింగ్‌యా.

"పెద్ద పుండైతే పెద్ద లింగ్‌జీ ముక్క వేసి కాచుకుంటా. ఊరంతటికీ మందు పండించేదాన్ని, నాకు మందు కరువా?"

నిజం చెప్పి ఉంటే అదే రోజు బయలుదేరేది. అబద్ధం విన్నది కాబట్టి అబద్ధానికి తగ్గ నిర్ణయమే తీసుకుంది. ఇందులో ఆమె తప్పు ఏమీ లేదు.

దెహై ఊళ్ళోని మూలికల వైద్యుడు వెయ్ దగ్గరికి వెళ్ళాడు. మూడు తరాలుగా ఆ ఊరి నాడి చూస్తున్న ఇల్లది. ముసలాయన అంతా విని పొట్లం కట్టి ఇచ్చాడు.

"ఇది నిద్ర పట్టడానికి, కాస్త ఆకలి పుట్టడానికి. లింగ్‌జీ చేసేదీ అంతవరకే. గడ్డను కరిగించమంటే దాని వల్ల కాదు, నా వల్లా కాదు. కత్తి దగ్గరికి తీసుకుపో. ముందు ఆవిడకి చెప్పు."

"మీరు కూడా అలాగే అంటే ఎలా బాబాయ్? చెప్తే చచ్చిపోతుంది."

"చెప్పకపోతే?"

దెహై పొట్లం తీసుకుని వచ్చేశాడు.

వాళ్ళింట్లో పూర్వీకుల పేర్లు చెక్కిన పలకల ముందు, ధూపం వెలిగించే పీట మీద ఒక లక్క పెట్టె ఉండేది. అందులో అరచేతికంటే వెడల్పైన ఊదారంగు అడవి లింగ్‌జీ. దెహై తాత కొండచరియ నుంచి కోసుకొచ్చింది. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని ముట్టుకోకూడదని ఆయన చెప్పి పోయాడు. దెహై రోజూ భార్య కంట పడకుండా దాన్ని వెనకవైపు నుంచి కొంచెం చెక్కి కషాయంలో వేసేవాడు. ముందువైపు చెక్కుచెదరలేదు. పెట్టె తెరిచినా తేడా తెలియకుండా తిప్పి పెట్టేవాడు. కోతకు పంపలేకపోయిన మనిషికి తాను చేయగలిగినదంతా చేస్తున్నానని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు.

షుయ్‌లాన్‌కు నిద్ర పట్టింది. రెండు ముద్దలు ఎక్కువ తింది. బుగ్గలు కాస్త నిండాయి. అది చూసి దెహై తన అబద్ధాన్ని తనే నమ్మడం మొదలుపెట్టాడు. గడ్డ కరుగుతోందేమో అన్నాడు కూతురితో. మింగ్‌యా అవునేమో అనుకుని పట్నంలో పనికి తిరిగి వెళ్ళిపోయింది. పొడి డబ్బాల్లోకి చేరాక కూడా కోత మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంతలో పక్కింటి యూషియా వచ్చి గడప మీద కూర్చుంది.

"నాకూ ఇక్కడే మంట షుయ్‌లాన్. మా అబ్బాయి లిబిన్ పెద్దాసుపత్రికి పద పద అని ప్రాణం తీస్తున్నాడు."

"ఆ గొట్టం మింగడం నీ వల్ల కాదే. పేగులు నోట్లోకి వస్తాయి. నాదీ ఇదే మంట. పుండన్నారు. లింగ్‌జీ తాగాను, చూడు ఎలా ఉన్నానో."

"ఎప్పుడయ్యావే డాక్టరమ్మవి?"

"నిన్ననే. ఫీజు కింద మీ చెట్టు కమలాలు పంపు."

ఇద్దరూ నవ్వుకున్నారు. షుయ్‌లాన్ మంచి గొడుగులు ఏరి, గుడ్డలో మూటకట్టి యూషియా చేతిలో పెట్టింది. జన్మలో ఒకరిని మోసం చేసి ఎరగని మనిషి. తనకు చెప్పిందే ఇంకొకరికి చెప్పింది. మనం ఇంట్లో ఒకరి కోసం చెప్పిన అబద్ధం ఇంట్లోనే ఉండిపోతుందనుకుంటాం. దానికి కాళ్ళుంటాయి.

చలికాలం ముదిరేసరికి షుయ్‌లాన్ చిక్కిపోయింది. తిన్నది నిలవడం లేదు. "పుండు తిరగబెట్టింది" అనేవాడు దెహై, ఆమె కళ్ళలోకి చూడకుండా. కొత్త సంవత్సరం దగ్గరపడింది. పండక్కి ముందు ఇల్లంతా దులపాలి, పెద్దల పీట ఇంటి ఇల్లాలే తుడవాలి. షుయ్‌లాన్ గోడ పట్టుకుని నడిచి వెళ్ళి పలకలు తుడిచింది. లక్క పెట్టె చేతిలోకి తీసుకుంది. తేలికగా అనిపించింది. తెరిచి, లింగ్‌జీని వెనక్కి తిప్పి చూసింది. ముందు తొడుగు తప్ప వెనక ఏమీ మిగల్లేదు.

పండక్కి వచ్చిన మింగ్‌యాను పిలిచింది.

"పుండుకి ఎవరూ దీన్ని ముట్టుకోరే. ఏంటి నా జబ్బు?"

మింగ్‌యా ఇక దాచలేకపోయింది. పేరు చెప్పింది. చెప్పి, తల్లి కూలిపోతుందేమోనని రెండు చేతులూ చాచింది. షుయ్‌లాన్ కూలిపోలేదు. పెట్టె మూత జాగ్రత్తగా పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నువ్వు గొట్టాలు తొడుగుతున్నప్పుడు."

"అప్పుడు కోస్తే?"

"బతుకుతావన్నారమ్మా."

"పొడి కోసం ఆగానే నేను" అంది షుయ్‌లాన్. "పొడి పోతుందని ఆగాను. చెప్పుంటే ఆ గొట్టాలన్నీ పొయ్యిలో పెట్టి వచ్చేదాన్ని కదే."

దెహై గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "నువ్వు తట్టుకోలేవని..." అన్నాడు.

"ఇన్నేళ్ళు నిన్ను తట్టుకున్నాను కదయ్యా. ఒక్క మాట తట్టుకోలేనా?"

అతను అక్కడే చతికిలబడి పిల్లవాడిలా ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. అప్పుడే గుర్తొచ్చినట్టు లేచి, "యూషియాకి లింగ్‌జీ ఇచ్చింది నేనే. పద" అంది కూతురితో.

పక్కింటి గుమ్మానికి లిబిన్ పండగ ఎర్ర కాగితాలు అంటిస్తున్నాడు. వాళ్ళను చూసి నిచ్చెన దిగి అడ్డంగా నిలబడ్డాడు. ఆ వారమే తల్లిని బతిమాలి పరీక్షకు తీసుకెళ్ళి వచ్చాడతను. గొంతు తగ్గించి అన్నాడు.

"పెద్దమ్మా, అమ్మకి పుండనే చెప్పాం. దండం పెడతాను, లోపలికెళ్ళి ఏమీ అనకు."

"కోస్తే బతుకుతుందన్నారా?"

"అన్నారు. అమ్మే వద్దంటోంది. లింగ్‌జీ ఉంది కదా అంటోంది. పండగ వెళ్ళాక మెల్లగా ఒప్పిస్తాం."

షుయ్‌లాన్ అతన్ని చేత్తో పక్కకు జరిపి లోపలికి వెళ్ళింది. యూషియా పిండి కలుపుతోంది.

"నాకు తగ్గలేదు యూషియా. నాది పుండు కాదట, క్యాన్సరట. నాకు అబద్ధం చెప్పారు, నేను నీకు చెప్పాను. నీదేంటో నీ కొడుకుని అడుగు."

యూషియా చేతులు ఆగాయి. కొడుకు వైపు చూసింది. లిబిన్ చిన్నగా నవ్వాడు.

"పుండే అమ్మా. నీ మీద ఒట్టు."

యూషియా మొహం తేటపడింది. పిండి చేతులతోనే షుయ్‌లాన్‌ను కావలించుకుంది. "నీ బాధ నీ చేత అలా అనిపిస్తోందే తల్లీ. పండగ పూట ఆ మాటలు మానెయ్" అంది. షుయ్‌లాన్ కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మం దిగింది. నిజం తన దాకా ఆలస్యంగా వచ్చింది, ఇక్కడికి వేళకే వచ్చినా కొడుకు ప్రేమ ముందు నిలబడలేకపోయింది.

పండగ వెళ్ళాక షుయ్‌లాన్‌ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కోసే దశ దాటిపోయిందన్నారు. ఈసారి డాక్టరు ఇంటివాళ్ళను లోపలికి పిలిచినప్పుడు ఆమె తనూ లేచి వెళ్ళి కూర్చుంది. వసంతంలో కొత్త మొద్దులు పాతే సమయానికి ఆమె లేదు.

అంత్యక్రియల నాడు, పోయింది ఎలాగని అడిగినవాళ్ళతో దెహై "క్యాన్సరు" అని చెప్పాడు. ఆ మాట అతని నోట బయటికి రావడం అదే మొదలు. వెయ్ వైద్యుడు కర్ర ఊతంతో సమాధి మట్టి దిబ్బ పక్కన నిలబడి, ఊరందరికీ వినపడేలా మాట్లాడాడు.

"పేరు వింటే మనిషి చస్తాడని మనకు భయం. అలా పోయినవాళ్ళ కథలు తరతరాలు చెప్పుకుంటాం. పేరు తెలియక పోయినవాళ్ళ కథ ఎవరూ చెప్పుకోరు, దాచింది మనమే గనక. షుయ్‌లాన్ కథ చెప్పుకోండి. ఇంకా చెప్పాల్సినవాళ్ళు ఈ గుంపులోనే ఉన్నారు. ఇవాళే వెళ్ళి చెప్పండి."

అందరూ తలలు వంచుకున్నారు. లిబిన్ కూడా వంచుకున్నాడు.

కొండ దిగి వస్తున్నప్పుడు యూషియా మింగ్‌యా చెయ్యి పట్టుకుంది. యూషియా చెయ్యి ఎముకలు తేలి తేలికగా ఉంది.

"మీ అమ్మ ఇచ్చిన లింగ్‌జీ అయిపోయిందే. ఇంకో ముక్క ఉంటే పెట్టు."

"వద్దు పిన్నీ. ఆసుపత్రికి వెళ్ళు. కోయించుకో."

వెనక నుంచి లిబిన్ వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. యూషియా జాలిగా మింగ్‌యా బుగ్గ నిమిరింది.

"తల్లి పోయిన దుఃఖంలో ఉన్నావు. పుండుకి కోతేంటే, పిచ్చిపిల్లా?"

జబ్బు ఎవరి ఒంట్లో ఉందో దాని నిజమూ వారి సొత్తే. ప్రేమ ఎంత ఉన్నా, ఆ నిజాన్ని దాచే హక్కు మనకు లేదు.