ఎర్రమూత, నీలిమూత

చెవి చిరిగిన ఎలుకను మెడ వెనక పట్టుకుని, మొండిసూదిని దాని నోట్లోకి నెమ్మదిగా జార్చింది ఆకక్క. నీలిమూత సీసాలోని మందు చుక్క కారకుండా లోపలికి పోయింది. ఆమె అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఆ ప్రయోగశాలలో ఎవరికీ గుర్తులేదు.

ఎర్రమూతది ఒకటి, నీలిమూతది ఒకటి; ఒక సీసాలో కరివేపాకు సారం, రెండోదానిలో వట్టి రంగునీళ్లు. ఏది ఏదో ఈ ప్రయోగం చేయిస్తున్న మేడం ఒక్కదానికే తెలుసు. మందు పోసే మనిషికి తెలిస్తే చెయ్యి తెలియకుండానే ఒకవైపు మొగ్గుతుందట. ఇంకెవరైనా మూత తియ్యగానే వాసన పట్టేస్తారు. ఈ కిటికీలేని గదిలో ఏళ్ల తరబడి ఆకు దూసి, ఆరబెట్టి, పొడికొట్టి ఆకక్క ముక్కు ఆ ఒక్క వాసనకి చచ్చిపోయింది. ఒళ్లు మాత్రం అదే వాసన. ఇంట్లో కూతురు పక్క దూరంగా వేసుకుంటుంది. గేటు దగ్గర కాపలాదారు, "వచ్చావా ఆకక్కా, నిన్ను చూస్తేనే ఆకలేస్తోంది," అని రోజూ అదే వేళాకోళం. నవ్వకపోతే బాగుండదని ఆమె రోజూ నవ్వుతుంది.

ఈ ప్రయోగం అవగానే మొక్కల షెడ్డుకి మారుస్తానని మేడం మాటిచ్చింది. అక్కడ ఎండ పడుతుంది, వాన వినిపిస్తుంది. ఆ మాట పట్టుకునే ఆకక్క ఇన్నాళ్లూ ఈడ్చుకొచ్చింది.

చక్కెరజబ్బుతో చిక్కి సగమైన చెవి చిరిగినది ఈ మధ్య కాస్త ఒళ్లు చేసింది. మందువల్లో అదృష్టంవల్లో ఆమెకి తెలియదు. పాత దుప్పటి అంచు చింపి దాని బోనులో వేసింది. ఒకదానికి ఇస్తే అన్నిటికీ ఇవ్వాలని రూలు. అది ఆ గుడ్డపీలికతో గూడు కట్టుకుంటుంటే రూలు సంగతి మరిచిపోయింది.

మధ్యాహ్నం మేడం వెలిగిపోతున్న మొహంతో వచ్చింది.

"ఆకు పనిచేసిందక్కా. నీలిమూత వాటికి చక్కెర బాగా దిగింది."

"అయితే నేను షెడ్డుకి ఎప్పుడెళ్లాలమ్మా?"

మేడం తడబడింది. "పనిచేసింది కదా, ఇంకో విడత చెయ్యమన్నారు. ఈసారి రెట్టింపు ఎలుకలు. నీలాంటి ముక్కు నాకు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?"

"పనిచెయ్యకపోతే?"

"ఇక్కడితో ఆపేసేవాళ్లం."

ఏ ఒక్క పూటా చెయ్యి వణకకుండా పోసినందుకు ఆకక్కకి తన మీద తనకే ఒళ్లు మండింది.

"ఇప్పుడు వాటిని కోసి కాలేయాలు చూడాలి, పట్రా అక్కా," అంది మేడం.

"బాగుపడినవి కూడానా?"

"ముందు అవే."

మత్తుపెట్టెలో దించుతుంటే చెవి చిరిగినది ఆమె వేలు వాసన చూసి, ముడుచుకుని పడుకుంది. కాసేపటికి డొక్క కదలడం మానేసింది. ఆకక్కకి ఏడుపొచ్చింది. మేడం చూడకుండా తుడుచుకుంది.

సాయంత్రం బోనులు కడిగి బోర్లించింది. తెల్లారితే కొత్త ఎలుకలొస్తాయి. లైటు తీసి, తలుపు వేసుకుని వెళ్లిపోయింది.

ఒక్క బోను మాత్రం కడగలేదు. దాని మూల దుప్పటిపీలికతో అల్లిన గూడు, గుప్పెడంత, మధ్యలో ఒక ఒంటి మేరకు గుంటపడి ఉంది.